సారా కొట్టు పోయె... బెల్టు షాపు వచ్చె!

దూబగుంట పేరు వినని వారు నెల్లూరు జిల్లాలో ఉండరు. కలిగిరి మండలంలోని ఈ మెట్ట గ్రామం ఆడవాళ్లు ఒకప్పుడు సారా దుకాణాన్ని ఊరి పొలిమేర దాటించారు. ఆ మాట ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నాటికి రాష్ట్రంలో ఎక్కడా సారా దుకాణమన్నది లేకుండా పోయింది. చదువు లేదు, పదవి లేదు, చేతిలో పైసా లేదు అనుకున్న కూలి జనం ప్రభుత్వం చేత పని చేయించిన సందర్భం ఇంతకు మించింది మరొకటి మన ప్రాంతంలో చెప్పుకోవడానికి లేదు.

ఆ దుకాణాలు మళ్లీ తెరుచుకోలేదు. ఆ మాట నిజమే. అయితే నేడు రాత్రి పది దాటాక కూడా మందు సీసా దొరకని పల్లె ఏదంటే వెతుక్కోవలసి వస్తోందని మహిళలు వాపోతున్నారు. పాత సారా కొట్టుకు బోర్డు ఉండేది, పాటదారుడి పేరు ఉండేది. ఇప్పటి బెల్టు షాపుకు ఏదీ లేదు. అది చిల్లర అంగట్లో బియ్యం బస్తా వెనుక ఉంటుంది, బజ్జీల బండి కింద ఉంటుంది, లేదంటే ఎవరింట్లోనో మంచం కింద ఉంటుంది. మండల కేంద్రంలోని లైసెన్సు దుకాణంలో కొన్న సీసాలు సంచిలో వేసుకుని మోటారు సైకిలు మీద ఊరికి తెస్తారు. సీసాకు పదో ఇరవయ్యో ఎక్కువ పెట్టి అమ్ముతారు. డబ్బు లేకపోతే అప్పు ఖాతా ఎటూ ఉండనే ఉంది. పాల లెక్క అయినా ఒక రోజు మరచిపోతారేమో గాని ఆ లెక్క మరచిపోరు.

లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం నేరం. ఇది కొత్తగా చెప్పవలసింది కాదు, 1968 నాటి ఆబ్కారీ చట్టంలోనే ఉంది. నేరమని అందరికీ తెలిసిన పని ఊరి నడిబొడ్డున నడుస్తుంటే, నాడు దుకాణం మూయించిన జిల్లాలోనే నేడు నోరు లేవకపోవడానికి కారణమేమిటన్నది ఆలోచించవలసిన విషయం. ‘ఆ కాలం ఆడవాళ్లు వేరు, ఇప్పటి ఆడవాళ్లు వేరు’ అని రచ్చబండ మీద కూర్చున్న పెద్దమనుషులు తేల్చేస్తున్నారు. ఈ మాటలో పస లేదు. అప్పటి వారికి ఏ వసతులు కుదిరాయో, ఇప్పటి వారికి ఏవి లేకుండా పోయాయో చూస్తే సంగతి తేటతెల్లమవుతుంది.

రాత్రి బడిలో మొదలు

సారా వ్యతిరేక ఉద్యమం ఏ పార్టీ ఆఫీసులోనూ పుట్టలేదు. అది రాత్రి బడిలో పుట్టింది. 1990-91 ప్రాంతంలో జిల్లా అంతటా సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. ఊరూరా కళాజాతాలు తిరిగాయి. పగలంతా కలుపు తీసి, కట్టెలు కొట్టి వచ్చిన ఆడవాళ్లు రాత్రి పూట లాంతరు వెలుగులో పలక పట్టారు. వారికి అక్షరాలు దిద్దించింది ఎక్కువ మంది ఆ ఊరి కుర్రకారే. పదో తరగతి తప్పిన వారు, ఇంటర్ చదివి ఖాళీగా ఉన్నవారు, పెళ్లి కావలసిన ఆడపిల్లలు జీతం భత్యం లేకుండా ఈ పని నెత్తిన వేసుకున్నారు. నేడు దూబగుంట గురించి మాట్లాడేటప్పుడు ఈ పిల్లల ఊసు ఎవరూ ఎత్తకపోవడం విచారకరం.

అక్షరాలు వచ్చాయా రాలేదా అన్నది అటుంచితే, అంతకన్నా పెద్ద పని ఒకటి జరిగింది. ఊళ్లో ఆడవాళ్లు అన్ని కులాల వారూ ఒక చోట కూర్చోవడానికి, అదీ రోజూ రాత్రి పూట, ఒక వంక దొరికింది. అంతకు ముందు వారు కలిసేది నీళ్ల దగ్గర, లేదంటే చావు ఇంట్లో. నాగరీకంగా కూర్చుని ‘మీ ఇంట్లో ఏం జరిగింది’ అని అడుక్కునే తావు లేదు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడు వల్ల నలిగిపోయిన ఇల్లాలి కథ అది. పాఠం చదివాక గురువు అడగవలసిన ప్రశ్న ఒకటే: ఇలాంటిది మన ఊళ్లో ఉందా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి పుస్తకం అక్కర లేకపోయింది. ఎవరి వీపు మీది వాతలు వారికి తెలుసు.

అప్పటి సారా సంగతి నేటి యువకులకు తెలియకపోవచ్చు. 1980లలో తెలుగుదేశం ప్రభుత్వం ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపి ఇవ్వడం మొదలుపెట్టింది. కల్తీ ఉండదు, కొలత తప్పదు అని చెప్పారు. కొలత తప్పలేదు గాని తాగుడుకు అంతు లేకుండా పోయింది. ప్యాకెట్టు జేబులో పడుతుంది, పంచె మడతలో పడుతుంది. తాగాలంటే అంగడి దాకా నడవవలసిన పని తప్పింది. పాటదారుడి మనుషులు సైకిళ్ల మీద పొలం గట్టుకే తెచ్చి ఇచ్చేవారు. కొన్ని చోట్ల కూలిలో కొంత ప్యాకెట్ల రూపంలోనే ముట్టేదన్న ఆరోపణలు కూడా అప్పట్లో వచ్చాయి. 1970-71లో 39 కోట్ల రూపాయలున్న రాష్ట్ర ఆబ్కారీ రాబడి 1991-92 నాటికి 812 కోట్లకు చేరింది. అందులో మన జిల్లా మెట్ట కూలీలు, డెల్టా నాట్ల కూలీలు చెల్లించింది ఎంత ఉంటుందో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

అడిగింది చిన్న కోరిక

దూబగుంట ఆడవాళ్లు మొదట అడిగింది సంపూర్ణ మద్య నిషేధం కాదు. రాష్ట్రం మారాలనీ అడగలేదు. ‘ఈ దుకాణం ఈ ఊళ్లో వద్దు’ అన్నారు. అంతే. ఇది చాలా చిన్న కోరిక. చిన్నది కాబట్టే గట్టిది. దుకాణం ఎక్కడుందో వారికి తెలుసు, ఎవరు నడుపుతున్నారో తెలుసు, సరుకు ఏ దారిలో ఏ పొద్దున వస్తుందో తెలుసు. హైదరాబాదు పోనక్కర లేదు, వీధి చివర దాకా పోతే చాలు. వర్ధినేని రోశమ్మ ముందు నడిచారు. సారా తెచ్చిన వారిని వెనక్కి పంపారు. పోలీసులు వెంట వచ్చినా బెదరలేదు. కలెక్టరు దాకా వెళ్లి మొర పెట్టుకున్నారు. దుకాణం మూతపడింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా విశేషం. అక్షరాస్యత రెండో దశలో ‘చదువు వెలుగు’ అనే వాచకం వచ్చింది. అందులో దూబగుంట సంగతినే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా వేశారు. ఆ పాఠం జిల్లాలోని మిగతా ఊళ్ల రాత్రి బడుల్లో చదివారు. ‘దూబగుంట వాళ్లు చేయగా లేనిది మనకేం తక్కువ’ అన్న పంతం ఊరూరా లేచింది. సర్కారు అచ్చు వేసిన పుస్తకం చదివి సర్కారు సరఫరా చేసే సారాను తగలబెట్టారన్న మాట. ఒక శాఖ చెప్పింది మరో శాఖ మెడకు చుట్టుకోవడమంటే ఇదే.

ఉద్యమం నడిచిన తీరులో పెద్ద శాస్త్రమేమీ లేదు. చీపురు, కారప్పొడి, కాపలా. తాగి వచ్చిన మొగుడికి కూడు పెట్టకపోవడం ఒక పద్ధతి. గుడి ముందు ప్రమాణం చేయించడం మరో పద్ధతి. ప్యాకెట్లు రాశి పోసి నిప్పు పెట్టడం, ఊరి దారుల మీద వంతులు వేసుకుని కూర్చోవడం. అన్నిటికన్నా కష్టమైంది ఈ చివరిదే. ఒక్క రోజు ఊరేగింపు ఎవరైనా తీస్తారు. నాట్ల రోజుల్లో కూలి మానుకుని దారి కాయడం ఎంత కష్టమో చేసిన వారికే తెలుసు. అధికారులు వచ్చి నచ్చజెప్పబోతే ఆడవాళ్లు ఎదురు ప్రశ్న వేశారు. తాగే నీళ్లు వేళకు రాని ఊరికి, పంతులు రాని బడి ఉన్న ఊరికి సారా మాత్రం ఒక్క పూట తప్పకుండా ఎలా వస్తోందని అడిగారు. దీనికి నేటి వరకు ఎవరూ సమాధానం చెప్పలేదు.

ఊళ్లో దుకాణం మూస్తే పాటదారుడు పక్క ఊళ్లో తెరుస్తాడు. ఈ సంగతి గ్రహించాకే వారి చూపు వేలంపాట మీదికి మళ్లింది. 1992లో నెల్లూరులో సారా వేలం జరగనివ్వకుండా పల్లెల నుంచి వేలాది మంది మహిళలు తరలివచ్చారు. వేలం ఒకసారి కాదు, పలుసార్లు వాయిదా పడింది. మహిళా సంఘాలు, జన విజ్ఞాన వేదిక, ప్రతిపక్షాలు, పత్రికలు అన్నీ వెనక నిలిచాయి. చివరకు 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా నిషేధిస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఆరు నెలలు తిరగక ముందే కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం దాన్ని రాష్ట్రమంతటికీ వర్తింపజేసింది. ముందు ఊరు, తర్వాత జిల్లా, ఆ తర్వాత రాష్ట్రం. కింది నుంచి పైకి పోయిన ఆజ్ఞ ఇది.

పై నుంచి వచ్చిన నిషేధం

దీనికి భిన్నంగా పై నుంచి కిందికి వచ్చిందొకటి ఉంది. 1994 డిసెంబరు 12న ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వేదిక మీదే సంపూర్ణ మద్య నిషేధం ఫైలు మీద సంతకం చేశారు. ప్యాకెట్ల సారా తెచ్చిందీ ఆయన ప్రభుత్వమే, మొత్తం మద్యాన్ని నిషేధించిందీ ఆయన ప్రభుత్వమే కావడం గమనార్హం. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమలులోకి వచ్చింది. పల్లెల్లో పండగ చేసుకున్నారు. ఆడవాళ్ల పని అయిపోయిందనుకున్నారు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. దారి కాయడం పోలీసుల పని అయింది. ఊరి ఆడవాళ్లు లేచి ఇళ్లకు పోయారు. పొరుగు రాష్ట్రాల నుంచి సీసాలు దిగాయి, వాగుల వెంట నాటు సారా బట్టీలు లేచాయి. రాబడి పోయిందని ఖజానా గోల పెట్టింది. 1995 సెప్టెంబరులో ముఖ్యమంత్రి మారారు. 1997లో మద్య నిషేధాన్ని ఎత్తివేశారు. ఎత్తివేసేటప్పుడు ఏ గ్రామంలోనూ ఆడవాళ్లను కూర్చోబెట్టి ‘మీరేమంటారు’ అని అడిగిన పాపాన పోలేదు. సంతకంతో వచ్చింది సంతకంతోనే పోయింది. అయితే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. మద్యం తిరిగి వచ్చినా ప్యాకెట్ల సారాను తిరిగి తెచ్చే సాహసం ఆనాటి నుంచి ఏ ప్రభుత్వమూ చేయలేదు. ఆడవాళ్లు తమ చేతులతో మూయించింది నిలిచింది. వారి పేరు చెప్పి పెద్దలు మూసింది నిలవలేదు.

ఇతర రాష్ట్రాల అనుభవమూ ఇంచుమించు ఇదే. హర్యానాలో 1996లో తెచ్చిన నిషేధం 1998లో పోయింది. బీహారులో మహిళల కోరిక మీదనే 2016లో నిషేధం పెట్టారు, అది కొనసాగుతోంది. కాని 2022 డిసెంబరులో అదే రాష్ట్రంలోని సారణ్ జిల్లాలో కల్తీ సారా తాగి పదుల సంఖ్యలో కూలి జనం చనిపోయారు. చట్టం ఉంటే చాలదు, ఊరి కన్ను దాని మీద ఉండాలని దీన్నిబట్టి తెలుస్తోంది. అలాగని చట్టం వద్దనడం కూడా సరికాదు. చట్టం అండ లేకుండా రాత్రంతా దారి కాసే ఓపిక ఎన్నాళ్లుంటుంది?

కూర్చునే చోటు ఏదీ?

సారా ఉద్యమం చల్లారాక ఆ ఆడవాళ్లనే కూడగట్టి జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’ మొదలుపెట్టారు. రోజుకు రూపాయి చొప్పున కూడబెట్టడం. సారాకు పోయే డబ్బు డబ్బాలో పడాలన్నది ఆలోచన. మంచి ఆలోచనే. తర్వాత తర్వాత డ్వాక్రా సంఘాలు, వెలుగు పథకం, బ్యాంకు రుణాలు వచ్చాయి. ఊళ్లో వడ్డీ వ్యాపారి పట్టు కొంత సడలింది. గేదెలు వచ్చాయి, కుట్టు మిషన్లు వచ్చాయి, పిల్లల చదువులు సాగాయి. ఇవన్నీ కాదనలేనివి.

కాని సంఘం కూర్చునే తీరు మారిపోయింది. రాత్రి బడిలో కూర్చున్నప్పుడు ‘మన ఊళ్లో ఏం జరుగుతోంది’ అన్నది మాట. సంఘంలో కూర్చుంటే ‘ఈ నెల వాయిదా ఎవరు కట్టలేదు’ అన్నది మాట. అప్పు కట్టని సభ్యురాలి ఇంటి ముందు పది మంది కూర్చునే ఆనవాయితీ చాలా చోట్ల వచ్చింది. బెల్టు షాపు ముందు అదే పది మంది ఎందుకు కూర్చోరని అడిగితే జవాబు లేదు. అధికార పార్టీ ఏదైనా సంఘాలను సభలకు తరలించడానికి వాడుకుంటుందన్న విమర్శ ఎలాగూ ఉంది. అంటే ఒకప్పటి కన్నా ఎక్కువ మంది ఆడవాళ్లు ఒక చోట చేరుతున్నారు. చేరుతున్న వారికి మాట్లాడే విషయం మాత్రం ముందే ఎవరో రాసి పంపుతున్నారు.

పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే. అయినా సర్పంచి గారి భర్త కుర్చీలో కూర్చుంటే సర్పంచి గారు గుమ్మంలో నిలబడే దృశ్యం చూడనివారు లేరు. బెల్టు షాపు నడిపేవాడు చాలా చోట్ల ఆ భర్త గారి మనిషే కావడం కొసమెరుపు.

ఇక యువకులు. నాడు లాంతరు పట్టుకుని అమ్మలకు, అత్తలకు అక్షరాలు చెప్పింది ఆ వయసు వారే. నేడు ఆ వయసు పిల్లలు బెల్టు షాపుకు కొత్త బేరం. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండని వారికి మద్యం అమ్మరాదని నిబంధన ఉంది. లైసెన్సు దుకాణంలోనైనా ఎవరో ఒకరు వయసు అడుగుతారేమో గాని మంచం కింది నుంచి సీసా తీసే చేయి అడగదు. ఊరిబడి దాటని పిల్లలు కూడా పండగల్లో చందాలేసుకుని తెప్పించుకుంటున్నారని తల్లులు ఆందోళన చెందుతున్నారు.

అందరు యువకులూ అలా ఉన్నారనడం మాత్రం అన్యాయం. చేతిలో ఫోను ఉంది కాబట్టి బెల్టు షాపు బొమ్మ తీసి అధికారులకు పంపే పిల్లలూ ఉన్నారు. వారి ఇబ్బంది వేరు. పొద్దున ఫిర్యాదు చేస్తే సాయంత్రానికి ‘ఫోను చేసింది నువ్వేనంట గదా’ అని అమ్మేవాడే వచ్చి అడిగితే ఆ కుర్రవాడి గతి ఏమిటి? తండ్రిని పిలిచి మందలిస్తారు, పొలానికి పోయే దారి దగ్గర తగవు పెట్టుకుంటారు. ఒంటరిగా పలికిన గొంతు నొక్కడం సులభం. దూబగుంటలో ఎవరు ఫిర్యాదు చేశారని అడగడానికి వీలు లేకపోయింది. ఊరి ఆడవాళ్లంతా అక్కడే నిలబడి ఉన్నారు. రోశమ్మ పేరు బయటికి వచ్చినా ఆమె వెనుక వీధి వీధంతా ఉంది. గొంతెత్తమని యువకులకు హితవు చెప్పే పెద్దలు ఈ తేడాను గమనించాలి. ముందు వారి పక్కన నిలబడే పది మందిని చూపించి ఆ తర్వాత హితవు చెబితే బాగుంటుంది.

ప్రభుత్వాలు మారాయి, సీసా మారలేదు

గత కొన్నేళ్లలో మద్యం విధానం ఎన్ని మలుపులు తిరిగిందో చూస్తే ఊరి మాటకు ఇందులో చోటు ఎంతో తెలుస్తుంది. 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ ప్రభుత్వం దశలవారీగా నిషేధిస్తామంది. ఆ ఏడాది అక్టోబరు నుంచి దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. వాటి సంఖ్యను 4,380 నుంచి 3,500కు తగ్గించింది, ధరలు బాగా పెంచింది. ధర పెరిగితే తాగడం మానుతారన్నారు. కూలి మనిషి తాగడం మానలేదు సరికదా ఇంటికి తెచ్చే కూలి తగ్గింది. నాసిరకం మందు అన్న గోల, నాటు సారా గోల, పొరుగు రాష్ట్రం సీసాల గోల పెరిగాయి. 2024లో ప్రభుత్వం మారింది. అక్టోబరు నుంచి మళ్లీ ప్రైవేటు దుకాణాలు వచ్చాయి. మొత్తం 3,396 దుకాణాలు లాటరీలో కేటాయించారు. దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుం 2 లక్షలు పెట్టినా దరఖాస్తులు దాదాపు 90 వేలు వచ్చాయి. ఒక్క లాటరీ చీటీకి 2 లక్షలు పారేసుకునే వారు ఆ దుకాణం మీద ఎంత లాభం లెక్క వేసుకుని ఉంటారో వేరే చెప్పనక్కర లేదు. 99 రూపాయలకే క్వార్టరు సీసా కూడా అప్పుడే వచ్చింది.

ఒకరు ధర పెంచారు, మరొకరు తగ్గించారు. ఒకరు సర్కారు దుకాణమన్నారు, మరొకరు ప్రైవేటు దుకాణమన్నారు. రెండు పక్షాలకూ వారి వారి వాదనలున్నాయి. ఊరి ఆడవాళ్లకు ఈ రెండింటి మధ్య తేడా ఏమిటో అర్థం కావడం లేదు. బెల్టు షాపులు లేకుండా చేస్తామని ఇద్దరూ చెప్పారు. బెల్టు షాపునకు సరుకిచ్చిన దుకాణదారుకు జరిమానా వేస్తామని, మళ్లీ చేస్తే లైసెన్సు రద్దు చేస్తామని 2024లోనూ ప్రకటించారు. లైసెన్సుదారుడు రోజుకు పెట్టె సరుకు ఒకే మనిషికి ఎలా అమ్ముతున్నాడని అడిగితే చాలు, బెల్టు షాపు సగం మూతపడుతుంది. అడిగేదెవరు?

లైసెన్సు దుకాణం విషయంలో కొన్ని హద్దులు మాత్రం చట్టంలో ఉన్నాయి, గ్రామస్థులు తెలుసుకోవడం మంచిది. బడికి, గుడికి 100 మీటర్ల లోపు దుకాణం ఉండరాదు. జాతీయ, రాష్ట్ర రహదారుల పక్కన 500 మీటర్ల దాకా వద్దని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో తీర్పు చెప్పింది. 20 వేల లోపు జనాభా గల చోట్ల దీన్ని 2017 మార్చిలో 220 మీటర్లకు తగ్గించింది. ఇవి కొలిచి చూడగల హద్దులు. టేపు పట్టుకుని నలుగురు యువకులు పోతే ఒక గంట పని. అయితే దుకాణం అసలు ఊరికి కావాలా వద్దా అన్న ప్రశ్నకు మాత్రం మన చట్టంలో ఊరి జవాబు అడిగే ఏర్పాటు లేదు. గిరిజన ప్రాంతాల గ్రామాలకు 1996 నాటి ‘పెసా’ చట్టం ద్వారా మద్యం అమ్మకాన్ని అడ్డుకునే హక్కు ఉంది. మన కలిగిరి, వింజమూరు, ఉదయగిరి మెట్ట పల్లెలకు అది వర్తించదు.

ఓటు వేసి మూసిన ఊళ్లు

ఇలాంటి ఏర్పాటు అసాధ్యమని ఎవరైనా అంటే అది నిజం కాదు. మన దేశంలోనే ఉంది. మహారాష్ట్రలో ఊళ్లోని నాలుగో వంతు మహిళా ఓటర్లు సంతకాలు పెట్టి అడిగితే అధికారులు రహస్య ఓటింగు పెట్టాలి. ఓటు చీటీ మీద రెండు బొమ్మలుంటాయి. నిలబెట్టిన సీసా ఒకటి, పడుకోబెట్టిన సీసా మరొకటి. మహిళా ఓటర్లలో సగానికి మించి పడుకోబెట్టిన సీసాకు వేస్తే దుకాణం మూయవలసిందే. చదువు రాని వారికి కూడా తెలిసే బొమ్మలు అవి. రాజస్థాన్‌లో 1975 నాటి నియమాలలోనే ఇటువంటి వీలుంది. రాజసమంద్ జిల్లాలోని కాఛబలీ అనే గ్రామం 2016 మార్చిలో ఓటు వేసి ఊళ్లో మద్యం దుకాణం మూయించింది. అక్కడా ముందు నడిచింది ఆడవాళ్లే.

ఈ పద్ధతిలో మంచి ఏమిటంటే ఫిర్యాదు చేసిన వారి పేరు ఎవరికీ తెలియదు. సర్పంచి భర్త గారికీ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు, సొంత మొగుడికీ తెలియదు. వంతులు వేసుకుని రాత్రుళ్లు దారి కాయనక్కర లేదు. ఓటు వేసే చేయి ఉంటే చాలు. లోపం కూడా ఉంది. లైసెన్సు దుకాణం మూసినా దొంగ సరుకు రాకుండా కాపలా ఎవరు కాయాలన్నది అక్కడా మిగిలిన ప్రశ్నే. కాని ఊరి మొత్తం ‘వద్దు’ అని ఓటు వేసిన తర్వాత దొంగగా అమ్మేవాడికి ఉండే ధైర్యం, ఎవరూ ఏమీ అనని ఊళ్లో అమ్మేవాడికి ఉండే ధైర్యం ఒక్కటి కావు.

ఇటువంటి చట్టం మన రాష్ట్రంలో తేవాలని ఏ పార్టీ ఎన్నికల ప్రణాళికలోనూ గట్టిగా చెప్పలేదు. నిషేధం అనడానికి ముందుకు వస్తారు, ఎత్తివేయడానికీ ముందుకు వస్తారు. ‘మీ ఊరి సంగతి మీరే తేల్చుకోండి’ అనడానికి మాత్రం ఎవరికీ మనసు రావడం లేదు. ఖజానా తాళం చెవి ఊరి ఆడవాళ్ల చేతికి ఇచ్చినట్లవుతుందన్న భయం కావచ్చు. రోశమ్మ 2016లో మరణించారు. ఆమె పేరు చెప్పుకోవడానికి అన్ని పార్టీల వారికీ వీలుంది. ఆమె అడిగిన చిన్న కోరికను చట్టం చేయడానికి మాత్రం ఎవరికీ తీరిక లేదు.

అంతవరకు ఉన్న దారి గ్రామసభ ఒక్కటే. ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రామసభ పెట్టాలని పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. ‘మా ఊళ్లో బెల్టు షాపు నడుస్తోంది, మూయించండి’ అని అందులో తీర్మానం చేస్తే ఆబ్కారీ వారు కట్టుబడి తీరాలన్న నియమమేమీ లేదు. అయినా ఊరి తీర్మానం అయితే ఒక కుర్రవాడి పేరు మీద ఉండదు. మినిట్సు పుస్తకంలో నమోదైన మాటను సాయంత్రానికల్లా ఇంటి ముందుకొచ్చి బెదిరించడం కుదరదు. పొదుపు సంఘాల వారు తలా ఒకరు లేచి చెప్పినా పుస్తకంలో రెండు పేజీలు నిండుతాయి.

అక్టోబరు 2 గాంధీ జయంతి నాడు చాలా ఊళ్లలో గ్రామసభలు పెట్టడం ఆనవాయితీ. ఆ రోజు మద్యం దుకాణాలకు సెలవు. అందుకని 1వ తేదీ పొద్దు గూకే వేళకే రెండింతల సరుకు బెల్టు షాపులకు చేరుతుందని, 2వ తేదీన ఒక్కో సీసా మీద మరో ముప్పయి రూపాయలు ఎక్కువ గుంజుతారని మహిళలు చెబుతున్నారు. గాంధీ బొమ్మకు దండ వేసి పంచాయతీ ఆఫీసు అరుగు మీద సభ జరుగుతుంటే, ఎదురు వీధిలో ఆ రోజు బేరం జోరుగా సాగుతుంటుంది.